గ్యాస్‌తో మొదలైన ఇంజన్ – నికోలస్ ఒట్టో జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, భాగ్యరెడ్డి వర్మ గారి గురించి మాకంటే బాగా రాసేవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. మేము ఇక్కడ పదో తరగతి దాకా చదివి, ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు పోయి, బండ్ల పనిలో స్థిరపడ్డవాళ్లం. మాలో ఒకరికి బస్సు ఇంజన్లు విప్పి బిగించడమే బతుకుదెరువు. అందుకని మాకు తెలిసిన దారిలోనే పోయి, బస్సు ఇంజన్‌కు మూలపురుషుల్లో ఒకరైన జర్మనీ దేశస్థుని గురించి రాస్తున్నాం. ఆయన పేరు నికోలస్ ఔగుస్ట్ ఒట్టో. ఆయన ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. కాఫీ, తేయాకు, చక్కెర అమ్ముకుంటూ ఊళ్లు పట్టుకుని తిరిగిన మనిషి.

ఈ పేరుతో మాకు పాలిటెక్నిక్‌లో ఒక తమాషా జరిగింది. పుస్తకంలో ఒట్టో సైకిల్ అని ఉంటే అది అచ్చుతప్పు అనుకుని ఆటో సైకిల్ అని దిద్దుకుని చదివాం. ఆటోరిక్షాకు, సైకిల్‌కు సంబంధం ఏమిటో ఎంత బట్టీ పట్టినా అర్థం కాలేదు. లేచి అడుగుదామంటే సిగ్గు. తెలుగు మీడియం నుంచి పోయి ఇంగ్లీషు క్లాసులో కూర్చున్నవాళ్లకు ఆ సిగ్గు ఎట్లా ఉంటుందో ఇది చదివేవాళ్లలో సగం మందికి తెలుసు. అది ఒక మనిషి పేరని, సైకిల్ అంటే అక్కడ తిరిగి తిరిగి మొదటికి వచ్చే చక్రమని రెండో సంవత్సరంలో గానీ తెలియలేదు. ఆ మనిషి ఎవరో, ఎట్లా బతికాడో పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తరువాత మేమే వెతుక్కుని చదువుకున్నాం.

1832 జూన్‌లో, అప్పటి నస్సావు సంస్థానంలో హోల్జ్‌హౌసెన్ అనే పల్లెలో ఒట్టో పుట్టారు. జర్మనీ అప్పటికి ఒక దేశం కాదు. మన దగ్గర నిజాం రాజ్యం, గద్వాల, వనపర్తి సంస్థానాలు ఉన్నట్టు అక్కడ చిన్నా పెద్దా రాజ్యాలు ఉండేవి. తండ్రి వ్యవసాయం చేస్తూ, ఊళ్లో సత్రం నడుపుతూ, తపాలా పని చూసేవాడు. ఒట్టో పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయాడు. ఇంట్లో ఆయనే కడగొట్టువాడు. తల్లే పెంచింది. బడిలో చదువు బాగా వచ్చేది. సైన్సు మీద ఆసక్తి చూసి పై చదువుకు పంపాలని తల్లికీ ఉండేది. కానీ 1848 వచ్చింది. ఆ సంవత్సరం యూరప్ అంతా తిరుగుబాట్లు, వ్యాపారాలు పడిపోవడం, ధరలు, భయం. పెద్ద చదువుకు ఖర్చు పెట్టడం కంటే నాలుగు రాళ్లు వచ్చే పని నేర్పించడం మేలని ఆమె అనుకుంది. పదహారేళ్ల కొడుకును చదువు మాన్పించి ఒక దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టింది. మన ఇళ్లల్లో ఇది కొత్త సంగతి కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే బొంబాయి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నాయి.

దుకాణంలో పని నేర్చాక ఒట్టో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, తరువాత కొలోన్ నగరంలో వ్యాపారుల దగ్గర కొలువు చేశారు. పని ఏమిటంటే ఊరూరా తిరిగి చిల్లర దుకాణదారులకు కాఫీ, తేయాకు, బియ్యం, చక్కెర వంటి సరుకులు అంటగట్టడం. పశ్చిమ జర్మనీ సరిహద్దు ఊళ్లన్నీ రైళ్లలో, గుర్రపు బండ్లలో తిరిగారు. 1858లో కొలోన్ నగరంలో జరిగే పెద్ద జాతరలో అన్నా గోస్సీ అనే అమ్మాయితో పరిచయమై, పెళ్లి చేసుకుందామని నిశ్చయించుకున్నారు. ఆ పెళ్లి జరగడానికి పదేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో ముందు ముందు చెప్తాం. ఆ పదేళ్లూ ఆయన తిరిగిన ఊళ్ల నుంచి ఆమెకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ రోజుల సంగతులు మనకు తెలియడానికి ఆ ఉత్తరాలు చాలా ఆధారం.

1860లో పారిస్ నుంచి ఒక వార్త వచ్చింది. లెన్వార్ అనే ఆయన ఆవిరి లేకుండా, బాయిలర్ లేకుండా, వీధి దీపాలకు వాడే గ్యాస్‌తో నడిచే ఇంజన్ చేశాడని. ఈ గ్యాస్ ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో యూరప్ నగరాల్లో రాతిబొగ్గును మూసిన బట్టీల్లో కాల్చి, వచ్చే గ్యాస్‌ను భూమిలో గొట్టాల ద్వారా ఇళ్లకు, వీధి దీపాలకు పంపేవారు. కరెంటు ఇంకా రాలేదు. ఆ గ్యాస్‌ను సిలిండర్‌లోకి పంపి, నిప్పురవ్వతో పేల్చి, ఆ తోపుడుతో పిస్టన్‌ను నడిపాడు లెన్వార్. ఆవిరి యంత్రం పెట్టాలంటే బాయిలర్, పొగగొట్టం, నీళ్లు, బొగ్గు, కాపలా మనిషి అన్నీ కావాలి. పొద్దున నడపాలంటే తెల్లవారుజామునే మంట పెట్టాలి. అది పెద్ద మిల్లులకే సాధ్యం. వడ్రంగికి, అచ్చు వేసేవానికి, సాలెవానికి అంత స్తోమత ఉండదు. గ్యాస్ ఇంజన్ అయితే తిప్పితే నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. చిన్న పనివాని చేతికి యంత్రబలం వచ్చినట్టే.

కాకపోతే లెన్వార్ ఇంజన్ విపరీతంగా గ్యాస్ తాగేది. వేడెక్కి పట్టుకుపోయేది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఒట్టోకు తోచింది. గ్యాస్ గొట్టం ఎక్కడ ఉంటే ఇంజన్ అక్కడే కట్టేసినట్టు ఉండాలి. తాను ఊళ్లు తిరిగే మనిషి కదా, రోడ్డు మీద నడిచే బండికి ఈ ఇంజన్ ఎందుకు పెట్టకూడదు అన్న ఆలోచన ఆయనకు మొదట్లోనే వచ్చింది. ఆల్కహాల్ ఆవిరితో నడిచే ఇంజన్ ఊహించి, అన్నతో కలిసి 1861లో ప్రష్యా సర్కారుకు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. సర్కారు తిరస్కరించింది. మేము చదివినవాటిలో ఇది మాకు చాలా ఇష్టమైన ఘట్టం. ఇరవై తొమ్మిదేళ్లు కూడా నిండని సరుకుల ఏజెంటు, ఒక్క నట్టు కూడా బిగించి ఎరగనివాడు, దరఖాస్తు తిప్పి కొడితే ఊరుకోకుండా ఒక మెకానిక్ దగ్గరకు పోయి లెన్వార్ ఇంజన్‌కు నకలు ఒకటి చేయించుకున్నారు. కొలోన్‌లో జోన్స్ అనే ఆ మెకానిక్ దుకాణమే ఆయన కాలేజీ.

ఆ నకలు ఇంజన్‌తో ఆయన చేసిన పని మామూలుది కాదు. గ్యాస్, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పీల్చుకోనిచ్చి, వెంటనే పేల్చకుండా పిస్టన్‌ను వెనక్కి తోసి ఆ మిశ్రమాన్ని నొక్కి చూశారు. నొక్కిన తరువాత పేలిస్తే చక్రం ఎంతో బలంగా, చాలాసార్లు తిరిగింది. సైకిల్ పంపు వేలుతో మూసి కొట్టినవాళ్లకు తెలుసు, నొక్కిన గాలికి ఎంత బిగువు, ఎంత వేడి వస్తుందో. దాన్ని పట్టుకుని 1862లో నాలుగు సిలిండర్ల ఇంజన్ చేయించారు. అది నడిచింది, కానీ లోపల పేలుళ్ల దెబ్బలకు కొద్దికాలంలోనే పగిలి పనికిరాకుండా పోయింది. చేతిలో డబ్బంతా దానికే పోయింది. అమ్మకాల ఉద్యోగం మాత్రం మిగిలింది. అన్నా గోస్సీ అక్కడ ఎదురుచూస్తూనే ఉంది.

నొక్కి పేల్చే దారి మూసుకుపోయింది కాబట్టి ఆయన వేరే దారి పట్టారు. నిలువుగా నిలబెట్టిన పొడవైన సిలిండర్‌లో పేలుడు పిస్టన్‌ను స్వేచ్ఛగా పైకి ఎగరేస్తుంది. కింద మిగిలిన వేడి గ్యాస్ చల్లబడి ముడుచుకుపోయి ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు బయట గాలి బరువు పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. ఆ దిగే పిస్టనే పని చేస్తుంది. కొంచెం మొరటు ఆలోచనే. చప్పుడు కూడా చెవులు పగిలేట్టు ఉండేది. అయితే గ్యాస్ ఖర్చు తక్కువ. 1864 ఫిబ్రవరిలో ఈ యంత్రాన్ని చూడడానికి ఓయ్‌గెన్ లాంగెన్ అనే చక్కెర మిల్లుల యజమాని వచ్చాడు. ఆయన పాలిటెక్నిక్‌లో చదివినవాడు, డబ్బున్న కుటుంబం. చూసిన కొద్ది వారాలకే, ఆ సంవత్సరం మార్చి 31న, ఇద్దరూ కలిసి ఎన్.ఎ. ఒట్టో అండ్ కంపెనీ పెట్టారు. సిలిండర్ లోపలే ఇంధనం మండే ఇంజన్లు మాత్రమే తయారుచేయడానికి ప్రపంచంలో పుట్టిన మొదటి కంపెనీ అదే. కష్టాలు ఒక్కరోజులో తీరలేదు. మూడేళ్ల పాటు ఇద్దరూ ఆ ఇంజన్‌ను దిద్దారు. పిస్టన్ పైకి పోయేటప్పుడు చక్రంతో సంబంధం విడిపోయి, కిందికి వచ్చేటప్పుడు మాత్రమే పట్టుకునే క్లచ్ లాంగెన్ ఆలోచన. సైకిల్ వెనక చక్రంలో ఫ్రీవీల్ చేసే పని అదే.

1867లో పారిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. పద్నాలుగు గ్యాస్ ఇంజన్ల మధ్య వీళ్లది కూడా పెట్టారు. చూడడానికి పొడవాటి స్తంభంలా ఉండి, ధడధడ కొట్టే ఆ యంత్రాన్ని న్యాయనిర్ణేతలు మొదట లెక్కలోకే తీసుకోలేదు. లాంగెన్ స్నేహితుడైన రోయ్‌లో అనే ప్రొఫెసర్ ఆ కమిటీలో ఉన్నాడు. రూపం కాదు, ఏ ఇంజన్ ఎంత గ్యాస్‌కు ఎంత పని చేస్తుందో కొలవాలని పట్టుబట్టాడు. కొలిచారు. ఒట్టో ఇంజన్‌కు మిగతావాటితో పోలిస్తే సగం గ్యాస్ కూడా పట్టలేదు. బంగారు పతకం దానికే వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1868లో, నికోలస్ ఒట్టో, అన్నా గోస్సీల పెళ్లి జరిగింది. ఆయనకు 36 ఏళ్లు నిండవచ్చాయి.

ఇక్కడి నుంచి కంపెనీ పెరిగింది. రైన్ నది అవతలి ఒడ్డున డాయిట్జ్ అనే చోటికి మారింది. 1872లో అది గ్యాస్‌మోటోరెన్ ఫాబ్రిక్ డాయిట్జ్ అనే పెద్ద సంస్థ అయింది. అప్పుడు ఫ్యాక్టరీ పనులన్నీ చూడడానికి గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంజనీరును తెచ్చారు. ఆయన వెంట విల్‌హెల్మ్ మైబాఖ్ అనే నేర్పరి వచ్చాడు. తరువాత బెంజ్ పక్కన పేరెక్కిన డైమ్లర్ ఈయనే. ఒట్టోను వ్యాపార వ్యవహారాల వైపు కూర్చోబెట్టారు. ఇంజన్ కనిపెట్టినవాడు అమ్మకాల లెక్కలు చూడాలి, చదువుకుని వచ్చినవాడు తయారీ చూడాలి. ఇద్దరికీ పడలేదన్నది అందరూ రాసిన మాటే. తప్పంతా డైమ్లర్‌దని మేము అనం. ఫ్యాక్టరీని క్రమపద్ధతిలో పెట్టింది ఆయనే. కానీ డిగ్రీ ఉన్న సూపర్‌వైజర్ ముందు డిగ్రీ లేని పాత మెకానిక్ ఎట్లా నిలబడతాడో మేము రోజూ చూస్తున్నాం కాబట్టి, మా మనసు ఒట్టో వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతుంది.

గాలి బరువు మీద నడిచే ఇంజన్‌కు ఒక హద్దు ఉంది. మూడు గుర్రాల బలం దాటి పోలేదు. అంతకే గది కప్పు ఎంతో ఎత్తు ఉండాలి. అమ్మకాలు తగ్గసాగాయి. అప్పుడు ఒట్టో పద్నాలుగేళ్ల కింద పగిలిపోయిన ఇంజన్‌ను మళ్లీ తలకెత్తుకున్నారు. పేలుడు దెబ్బ తట్టుకోలేక అది పగిలింది కదా, ఆ దెబ్బను మెత్తన చేయడం ఎట్లా? ఒకరోజు ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి వస్తున్న పొగ చూశారని చెబుతారు. మొదట్లో చిక్కగా వచ్చి, పైకి పోయేకొద్దీ గాలిలో పలచబడుతున్నది. సిలిండర్‌లో కూడా నిప్పు దగ్గర గ్యాస్ చిక్కగా, పిస్టన్ దగ్గర పలచగా ఉంటే దెబ్బ మెత్తగా తగులుతుందని అనుకున్నారు. 1876లో నాలుగు అడుగుల ఇంజన్ తయారైంది. మైబాఖ్ దాన్ని తయారీకి అనువుగా దిద్దాడు.

నాలుగు అడుగులు అంటే ఇవి. పిస్టన్ ఒకసారి వెనక్కి పోతూ గ్యాస్, గాలి పీలుస్తుంది. రెండోసారి ముందుకు వస్తూ దాన్ని నొక్కుతుంది. అప్పుడు నిప్పు తగిలి మిశ్రమం పేలి మూడోసారి పిస్టన్‌ను తోస్తుంది. నాలుగోసారి కాలిన పొగను బయటికి నెట్టేస్తుంది. నాలుగింటిలో పని ఇచ్చేది ఒక్కటే. మిగతా మూడూ ఎట్లా జరుగుతాయి? కుమ్మరి సారె గుర్తు తెచ్చుకోండి. కర్రతో ఒకసారి బలంగా తిప్పి వదిలితే, కుండ పైకి లేచేదాకా సారె తన బరువుతో తానే తిరుగుతుంది. ఇంజన్ పక్కన ఉండే బరువైన చక్రం చేసేది అదే. మోట తోలినవాళ్లకైతే ఇంకా బాగా తెలుస్తుంది. ఎద్దులు దిగేటప్పుడే నీళ్లు పైకి వస్తాయి, వెనక్కి ఎక్కేటప్పుడు ఉత్త నడకే. అయినా ఆ ఉత్త నడక లేకపోతే రెండో బొక్కెన లేదు.

మరి పొగగొట్టం ఆలోచన సరైనదేనా? కాదు. ఇంజన్ అంత బాగా నడవడానికి అసలు కారణం మిశ్రమాన్ని ముందు నొక్కడమేనని తరువాతివాళ్లు తేల్చారు. ఒట్టో మాత్రం చిక్కన, పలచన అన్నదే ముఖ్యమని నమ్మి, పేటెంటు కాగితంలో దానికే పెద్దపీట వేశారు. కారణం తప్పు చెప్పి, యంత్రం సరిగ్గా కట్టిన మనిషి ఆయన. 1877లో జర్మన్ రాజ్యం పేటెంటు నంబరు 532 ఆయన ఇంజన్‌కు దక్కింది. పాత ఇంజన్ గోలతో పోలిస్తే కొత్తది ఎంత నిశ్శబ్దంగా నడిచేదంటే, ఇంగ్లండ్‌లో దాని పేరే నిశ్శబ్దపు ఒట్టో అయింది. మొదటి పదేళ్లలో 30,000 పైచిలుకు అమ్ముడుపోయాయి. మాంచెస్టర్‌లోని క్రాస్లీ సోదరులు హక్కులు కొనుక్కుని అక్కడ తయారుచేశారు. ఆ క్రాస్లీ పేరు మన పాత రైసు మిల్లుల ఇంజన్ల మీద చూసిన తాతలు ఇంకా ఉన్నారు. కరెంటు రాకముందు మన ఊళ్లలో పిండి గిర్ని పక్కన టుక్కు టుక్కుమని కొట్టిన ఆయిల్ ఇంజన్లు కూడా ఎక్కువగా ఈ నాలుగు అడుగుల వంశంలోవే. ఊరి బయటి నుంచే ఆ చప్పుడు విని, గిర్ని తెరిచారని తట్ట నెత్తిన పెట్టుకుని పోయేవారు మా అమ్మలు.

ఇప్పుడు కొంచెం ఆగి బస్సు సంగతి చెప్పాలి. ఒట్టో ఇంజన్ పుట్టింది గ్యాస్‌తో. బండికి గ్యాస్ ఎందుకు పనికిరాలేదు? మామూలు ఒత్తిడిలో ఒక ఘనపు మీటరు సహజవాయువులో ఉండే శక్తి దాదాపు ఒక లీటరు డీజిల్ శక్తికి సమానం. వంద లీటర్ల డీజిల్‌కు బదులు వంద ఘనపు మీటర్ల గ్యాస్ మోయాలంటే మన హాస్టల్‌లో ఇరవై మంది పెట్టెలు పెట్టుకుని పడుకునే గది అంత సంచి కట్టుకోవాలి. యుద్ధాల కాలంలో యూరప్‌లో నిజంగానే బస్సుల నెత్తిన అట్లాంటి పెద్ద పెద్ద గ్యాస్ సంచులు కట్టి నడిపారు. అందుకే లోకం పెట్రోలు వైపు పోయింది. ఆ దారి తెరిచింది కూడా ఒట్టోనే. 1884లో ఆయన చేసిన మాగ్నెటో, అంటే తిప్పితే నిప్పురవ్వ పుట్టించే యంత్రం, ద్రవ ఇంధనాన్ని ఇంజన్‌లో వాడడం సాధ్యం చేసింది. తరువాత రుడాల్ఫ్ డీజిల్ వచ్చి, నిప్పురవ్వే అక్కర్లేకుండా గాలిని బాగా నొక్కి, ఆ వేడికే నూనె అంటుకునేట్టు చేశాడు. బస్సులు, లారీలు అటు వెళ్లిపోయాయి.

మన హైదరాబాద్ రాజ్యంలో 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మన ఆర్టీసీకి అదే మొదలు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకక దేశమంతటా బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టారు. కట్టెబొగ్గు మండించి, వచ్చిన గ్యాస్‌ను ఇంజన్‌లోకి పంపి నడిపారు. క్లీనరు బండి కదలకముందే పంకా తిప్పి తిప్పి నల్లగా అయిపోయేవాడట. ఆ బొగ్గు బస్సుల ముచ్చట్లు పెద్దల నోట మేమూ విన్నాం. అప్పుడు ఎవరూ అనుకోలేదు గానీ, ఇంజన్ తిరిగి ఒట్టో నాటి గ్యాస్ దగ్గరికి పోయినట్టే.

నిజంగా వెనక్కి పోయింది మాత్రం ఢిల్లీ పొగ వల్ల. 1998 జూలైలో సుప్రీంకోర్టు, ఢిల్లీ సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని గడువు పెట్టింది. గడువు దాటింది, పంపుల దగ్గర మైళ్ల కొద్దీ వరుసలు నిలిచాయి, కోర్టు వదల్లేదు. 2002 డిసెంబరు నాటికి డీజిల్ సిటీ బస్సులు పోయాయి. బొంబాయిలో కూడా సీఎన్‌జీ బస్సులు వచ్చాయి. మన పాలమూరు, దేవరకొండ వైపు నుంచి మట్టిపనికి, బిల్డింగు పనికి బొంబాయి పోయిన అమ్మానాన్నలు మనకంటే ముందే ఆ బస్సులెక్కారు. పొగ లేని బస్సు చూసి ఇది కరెంటుతో నడుస్తుందనుకున్నామని మాలో ఒకరి నాన్న చెప్పేవాడు. కోనసీమలో గ్యాస్ ఉన్నా, మన తెలుగు నేలపై విజయవాడ, హైదరాబాద్‌లలో కొన్ని సిటీ బస్సులు దానితో నడిచినా, నల్లగొండ, పాలమూరు పల్లెవెలుగు మాత్రం డీజిల్ పొగతోనే తిరిగింది.

డీజిల్ ఇంజన్‌ను గ్యాస్‌కు మార్చడం అంటే, మెకానిక్ భాషలో చెప్పాలంటే, డీజిల్ దొరగారి ఇంజన్‌ను ఒట్టో ఇంజన్‌గా మార్చడం. డీజిల్ ఇంజన్‌లో గాలిని 17 రెట్లకు అటూ ఇటూ నొక్కుతారు. ఆ వేడికి డీజిల్ తనంత తానే అంటుకుంటుంది. సహజవాయువు మొండిది. 540 డిగ్రీల దాకా పోతే గానీ తనంత తాను అంటుకోదు. కాబట్టి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తీసేసి ఆ చోట స్పార్క్ ప్లగ్ పెట్టాలి. నొక్కుడు 11, 12 రెట్లకు తగ్గేట్టు పిస్టన్ తల మార్చాలి. గ్యాస్‌లో డీజిల్‌కు ఉన్న జిడ్డు ఉండదు, వేడి ఎక్కువ, అందుకని వాల్వులకు, అవి కూర్చునే సీట్లకు గట్టి లోహం వాడాలి. గ్యాస్‌ను 200 బార్ల ఒత్తిడితో సిలిండర్లలో నింపుతారు. లారీ టైరులో గాలి ఎనిమిది బార్లకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని బట్టి ఆ సిలిండర్ గోడ ఎంత గట్టిగా ఉండాలో ఊహించుకోండి. ఆ గది అంత గ్యాస్, బస్సు నేల కిందనో కప్పు మీదనో పట్టేట్టు చేసింది ఈ సిలిండరే. ఆ ఒత్తిడిని రెగ్యులేటరు మెట్టు మెట్టుగా దించి ఇంజన్‌కు ఇస్తుంది. నల్లటి మసి రాదు, చప్పుడు తగ్గుతుంది. కానీ ఖర్చయ్యే శక్తి లెక్కన డీజిల్ ఇంజన్ అంత పొదుపు కాదు. పైగా కాలకుండా బయటికి పోయిన మీథేన్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు చెడ్డది. ఇది దేవుడిచ్చిన వరం అన్నట్టు రాసేవాళ్లతో మేము ఏకీభవించం. ఇప్పుడు అదే ఢిల్లీలో విద్యుత్ బస్సులు దిగుతున్నాయి.

మళ్లీ ఒట్టో దగ్గరికి వద్దాం. 1882లో వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పదహారేళ్లకే బడి మానిన మనిషికి అది ఎంత సంతోషం ఇచ్చిందో మనం ఊహించగలం. అదే సంవత్సరం డైమ్లర్, ఆయన వెనకే మైబాఖ్, కంపెనీ వదిలి పోయారు. బయట ఒట్టో పేటెంటు మీద ఇతర కంపెనీలు కత్తి కట్టాయి. నాలుగు అడుగుల ఇంజన్ ఎవరు చేసినా ఒట్టోకు రుసుము కట్టాలి కదా. వాళ్లు వెతికి వెతికి పారిస్‌లో ఒక చిన్న పుస్తకం పట్టారు. 1862లో బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు అందులో నాలుగు అడుగులనూ వరుసగా, స్పష్టంగా రాసి ఉన్నాడు. పైగా నొక్కడమే ముఖ్యమని సరైన కారణం కూడా చెప్పాడు. ఆయన ఒక్క ఇంజన్ కూడా చేయలేదు. ఆ పుస్తకాన్ని చదివినవాళ్లూ పెద్దగా లేరు. ఒట్టో దాన్ని చూశారనడానికి ఏ ఆధారమూ లేదు. అయినా చట్టం ప్రకారం ముందే అచ్చయిన ఆలోచనకు పేటెంటు నిలవదు. 1886 జనవరిలో లైప్‌జిగ్‌లోని జర్మన్ అత్యున్నత న్యాయస్థానం పేటెంటులోని ముఖ్య భాగాన్ని కొట్టివేసింది. ఇంగ్లండ్‌లో అదే పేటెంటు కోర్టులో నిలబడింది. ఒకే కాగితం, రెండు దేశాల్లో రెండు తీర్పులు.

ఈ సంగతి మీద మాలో మాకే వాదం జరిగింది. రాసినవానిదే ఆలోచన అని ఒకరన్నారు. చదువున్నవాడు కాగితం మీద రాసి ఊరుకుంటే, చదువులేనివాడు ఇనుముతో కుస్తీ పట్టి పద్నాలుగేళ్లకు సాధిస్తే, పేరు కాగితానికి పోవడం అన్యాయమని ఇంకొకరన్నారు. మూడోవారి మాట వేరు. ఆ తీర్పు రాకపోతే కార్లు, బస్సులు ఇంకా ఆలస్యమయ్యేవని. నిజమే, తీర్పు వచ్చిన ఆ జనవరి నెలలోనే కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. దానిలో ఉన్నది నాలుగు అడుగుల ఇంజనే. డైమ్లర్, మైబాఖ్ తయారుచేసినదీ అదే. ముగ్గురం ఒక మాట మీదికి రాలేదు, రాకుండానే ఈ వ్యాసం రాస్తున్నాం.

డబ్బు నష్టం కంటే పేరు పోవడం ఒట్టోను ఎక్కువ కుంగదీసిందంటారు. తాను చేసింది తనది కాదని ఒక కోర్టు కాగితం చెప్పింది. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1891 జనవరి 26న కొలోన్‌లో గుండె జబ్బుతో కన్నుమూశారు. 58 ఏళ్లు. మెలాటెన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. అప్పటికి రోడ్ల మీద మోటారు బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉన్నాయి. తన ఇంజన్‌తో బస్సు నడవడం ఆయన చూడలేదు. మొదటి మోటారు బస్సు జర్మనీలో రోడ్డెక్కింది 1895లో, బెంజ్ తయారుచేసినది.

ఒట్టో దంపతులకు ఏడుగురు పిల్లలు. వాళ్లలో గుస్తావ్‌కు తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్లు. తండ్రిలాగే పసితనంలో తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు పెద్దయి, మ్యూనిక్ నగరంలో విమానాల కార్ఖానా పెట్టాడు. నేటి బీఎండబ్ల్యూ కంపెనీ మూలాల్లో అదొకటి. ఇక జర్మనీ ఇంజనీర్లు, కోర్టు తీసేసిన పేరును తామే తిరిగి పెట్టుకున్నారు. నిప్పురవ్వతో మిశ్రమాన్ని అంటించే ఇంజన్‌ను, అది పెట్రోలుతో నడిచినా గ్యాస్‌తో నడిచినా, జర్మన్ భాషలో ఇప్పటికీ ఒట్టో మోటారు అనే అంటారు. ఆ లెక్కన సీఎన్‌జీ బస్సు కింద ఉండేది కూడా ఒట్టో మోటారే. డాయిట్జ్ రైల్వే స్టేషన్ ముందున్న కూడలికి ఆయన పేరు పెట్టారు. అక్కడ రాతి దిమ్మె మీద స్తంభంలా నిలబెట్టి ఉన్నది, పారిస్‌లో బంగారు పతకం తెచ్చిన ఆ ధడధడ చప్పుడు ఇంజన్.